పేకకు చట్టం రాసిన క్లబ్బు: లండన్ పోర్ట్‌లాండ్ 200 ఏళ్లు ఎలా నిలిచింది?

క్లుప్తంగా

లండన్‌లోని పోర్ట్‌లాండ్ క్లబ్బు ఆ పేరుతో 1825లో మొదలైంది. విస్ట్ అనే పాత పేకాట కోసం పుట్టిన ఈ క్లబ్బు తర్వాత వచ్చిన బ్రిడ్జిని చేరదీసింది. 1864 నుంచి 1932 దాకా ఆటకు నియమాలు రాసిన పెద్దల్లో అదీ ఒకటి. ఈలోగా లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పేరున్న క్లబ్బులు ఎన్నో వచ్చి పోయాయి. ఇది మాత్రం మిగిలింది. ఆట మారిన ప్రతిసారీ కొత్త ఆటను ఒప్పుకుంది, బల్ల చుట్టూ కూర్చునే పద్ధతిని మాత్రం మార్చుకోలేదు. ఆ పద్ధతే క్లబ్బును నిలబెట్టింది, ఆట మీద దాని అధికారాన్ని తగ్గించింది కూడా.

నలుగురు కుదరడమే అసలు చిక్కు

బ్రిడ్జి అనగానే వంతెన గుర్తొస్తుంది. ఈ ఆటకు వంతెనతో పని లేదు. 1886లో లండన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో దీని పేరు 'బిరిచ్' అని, 'రష్యన్ విస్ట్' అని ఉంది. ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోళ్లలో నలిగి బ్రిడ్జి అయిందని ఎక్కువమంది చెబుతారు.

ఆట ఇలా ఉంటుంది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ఒక జట్టు. 52 ముక్కలూ పంచేస్తారు, మనిషికి 13. ఒకరు వేసిన రంగునే మిగతా ముగ్గురూ వేయాలి. ఆ రంగు చేతిలో లేకపోతేనే తురుపు కొట్టడమో, పనికిరాని ముక్క పారేయడమో. నాలుగు ముక్కలూ పడ్డాక గెలిచినవారికి ఒక పట్టు. మొత్తం 13 పట్లు. ఆటకు ముందు వేలం ఉంటుంది: ఏ రంగు తురుపు, ఎన్ని పట్లు తీస్తామన్నది పాడుకోవాలి. పాట గెలిచిన జట్టులో ఒకరు తన 13 ముక్కలూ బల్ల మీద పరిచేస్తారు. ఆ పరిచిన చేతినే డమ్మీ అంటారు.

చదరంగానికి ఇద్దరు చాలు. బ్రిడ్జికి సరిగ్గా నలుగురు కావాలి. వాళ్లు ఇంచుమించు ఒకే స్థాయివాళ్లై ఉండాలి, ఒకే నియమాలు తెలిసినవాళ్లై ఉండాలి, ఒకే సమయానికి రావాలి. నాలుగో మనిషి రాకపోతే ముగ్గురి సాయంత్రం పాడవుతుంది. ఐదో మనిషి వస్తే అతను కూర్చుని చూడాల్సిందే. 19వ శతాబ్దపు లండన్‌లో ఈ చిక్కుకు దొరికిన మందే పేక క్లబ్బు. పదుల సంఖ్యలో సభ్యులు, ఒక గది, ఒక వేళ. ఎవరు వచ్చినా ఎప్పుడో ఒకప్పుడు బల్ల నిండుతుంది.

డబ్బు పెట్టి ఆడేవాళ్లు కాబట్టి ఇంకో రెండు అవసరాలు వచ్చిపడ్డాయి. ఎదుటివాడు మోసం చేయడన్న నమ్మకం కావాలి. తగాదా వస్తే తేల్చే రూలు కావాలి. క్లబ్బుల చరిత్రలో పైకి కనిపించేవి భవనాలూ బిరుదులూ. లోపల పనిచేసినవి మాత్రం ఈ మూడే: మనుషులు, నమ్మకం, రూలు.

1825: పాత క్లబ్బు రద్దు, కొత్త పేరుతో మళ్లీ మొదలు

పోర్ట్‌లాండ్‌కు ముందు అదే సభ్యులతో స్ట్రాట్‌ఫర్డ్ క్లబ్బు ఉండేది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గరి స్ట్రాట్‌ఫర్డ్ ప్లేస్ వల్ల ఆ పేరు. అందులో ఒక సభ్యుడు మిగతావాళ్లకు గిట్టలేదు. పొమ్మనే వీలు నిబంధనల్లో లేదు. అందుకని క్లబ్బునే రద్దు చేసి, అతనొక్కణ్ణి వదిలేసి, మిగిలినవాళ్లంతా పోర్ట్‌లాండ్ అనే పేరుతో మళ్లీ చేరారని ఆ క్లబ్బు గురించి తరతరాలుగా చెప్పుకునే కథ.

వినడానికి చిన్నపిల్లల అలకలా అనిపించే ఈ కథలో సభ్యుల క్లబ్బు నడిచే తీరు అంతా ఉంది. క్లబ్బు అంటే గోడలు కాదు, పేరు కాదు, ఎవరితో కూర్చోవాలో ఎంచుకునే హక్కు. దీని పక్కన క్రాక్‌ఫర్డ్స్‌ను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. విలియం క్రాక్‌ఫర్డ్ అనే చేపల వ్యాపారి 1828లో సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో తెరిచిన ఆ క్లబ్బులో ముఖ్యమైన ఆట పాచికలది. ఆడేవాడు ఓడితే డబ్బు క్లబ్బు యజమానికి పోతుంది. ఎంత ఎక్కువమంది, ఎంత ఎక్కువ ఓడితే అంత లాభం. యజమాని తప్పుకోగానే ఆ వైభవం తగ్గిపోయింది. పోర్ట్‌లాండ్‌లో గెలుపోటములు సభ్యుల మధ్యే తిరుగుతాయి, క్లబ్బుకు వచ్చేది చందా, బల్ల రుసుము. ఇలాంటి చోట ఎవరో ఒకరు కుదేలైపోవడం క్లబ్బుకు నష్టమే, ఎందుకంటే వారం తిరిగేసరికి ఆ మనిషి మళ్లీ నాలుగో కుర్చీలోకి రావాలి.

గ్రాహమ్స్ ఎక్కడ దెబ్బతింది?

1830ల్లో విస్ట్‌కు లండన్‌లో పెద్ద పేరు పోర్ట్‌లాండ్‌ది కాదు, గ్రాహమ్స్ క్లబ్బుది. లార్డ్ హెన్రీ బెంటింక్ అక్కడి ఆటగాడు. అవసరం లేకపోయినా ముందు పెద్ద ముక్క, తర్వాత చిన్న ముక్క వేస్తే 'తురుపు ఆడు' అని జోడీకి చెప్పినట్టు అనే సంకేతం ఆయనదే. ఓడ బయల్దేరే ముందు ఎగరేసే జెండా పేరే దానికీ పెట్టారు: బ్లూ పీటర్. ముక్క వేసే తీరుతో జోడీకి కబురు పంపడం అనే ఆలోచన అప్పటి నుంచి ఈ ఆటను వదల్లేదు.

అదే క్లబ్బులో లార్డ్ డి రోస్ మీద మోసం ఆరోపణ వచ్చింది. ఇంగ్లండ్ బ్యారన్లలో మొదటి స్థానం ఆయనది. విస్ట్‌లో తురుపు ఎలా తేలుతుందో తెలిస్తే ఆ ఆరోపణ అర్థమవుతుంది. పంచేవాడు ఆఖరి ముక్కను, అంటే తనకు వచ్చే 13వ ముక్కను, తిరగేసి చూపిస్తాడు. దాని రంగే తురుపు. డి రోస్ పంచినప్పుడల్లా ఆ ఆఖరి ముక్క ఆసో రాజో అవుతోందని, ముక్కల మీద గోటితో గుర్తులు ఉంటున్నాయని తోటివాళ్లు పట్టుకున్నారు. ఆయన పరువునష్టం దావా వేశాడు. 1837లో కోర్టులో ఓడిపోయాడు.

దెబ్బ ఒక్క మనిషికే తగల్లేదు. ఎదుటివాడి చేతి మీద అనుమానం మొదలైతే, ఎంత గొప్పవాళ్లు కూర్చున్నా ఆ బల్ల దగ్గర ఆట సాగదు. తర్వాతి దశాబ్దాల్లో మంచి విస్ట్ ఆటగాళ్ల చిరునామాగా గ్రాహమ్స్ పేరు వెనకబడి పోర్ట్‌లాండ్ పేరు ముందుకొచ్చింది.

ఒక క్లబ్బు రాసిన రూల్ అందరికీ ఎలా చెల్లింది?

ఎడ్మండ్ హోయిల్ 1742లో విస్ట్ మీద పుస్తకం వేశాక వందేళ్లపాటు ఏ తగాదాకైనా ఆయన పేరే చెప్పుకునేవారు. ఈలోగా ఆటే మారిపోయింది. 10 పాయింట్ల ఆట 5 పాయింట్లకు కుదించుకుపోయి 'షార్ట్ విస్ట్' అయింది. పాత పుస్తకం కొత్త ఆటకు చాల్లేదు. జె. ఎల్. బాల్డ్విన్ ఆధ్వర్యంలో ఆర్లింగ్టన్ క్లబ్బు కమిటీ ఒక ముసాయిదా తయారుచేసి పోర్ట్‌లాండ్‌కు పంపింది. పోర్ట్‌లాండ్ కమిటీకి పెద్ద జేమ్స్ క్లే. ఆయన పార్లమెంటు సభ్యుడు, ఆ రోజుల్లో విస్ట్‌లో దిట్ట. సవరణలయ్యాక 1864లో నియమావళి వెలువడింది. మిగతా క్లబ్బులు వరసగా దాన్నే తీసుకున్నాయి.

ప్రభుత్వం చెప్పలేదు, కోర్టు చెప్పలేదు. అయినా చెల్లింది. కారణం తెలియాలంటే ఒక్క తప్పును దగ్గరగా చూడాలి. ఒకరు ఆఠీను వేశారు. పక్కన ఉన్నవారి చేతిలో ఆఠీను ఉంది, కానీ డైమండ్ల వెనక దాక్కుంది. చూసుకోకుండా ఇస్పేటు తురుపు కొట్టేశారు. రెండు పట్లయ్యాక ఆ ఆఠీను బయటపడింది. దీన్ని రివోక్ అంటారు, రంగు ఎగ్గొట్టడం. ఇప్పుడేం చేయాలి? ఆట మొత్తం రద్దు చేస్తే, ఓడిపోతున్నవాడు కావాలనే రంగు ఎగ్గొడతాడు. ఏమీ చేయకపోతే మోసానికి దారి తీసినట్టే. 1864 నియమావళి ప్రకారం ఎదుటి జట్టు మూడు పట్లు లాక్కోవచ్చు, లేదా తమ లెక్కకు మూడు పాయింట్లు కలుపుకోవచ్చు, లేదా తప్పు చేసినవాళ్ల లెక్కలోంచి మూడు తీసేయొచ్చు. కావాలని చేశాడా, పొరపాటా అన్న ప్రశ్నే లేదు. ఈ రూల్ గొప్పదనం అక్కడే ఉంది. పెద్దమనిషి ముఖం మీద 'మోసం చేశావు' అనకుండానే లెక్క తేలిపోతుంది.

ఈ రోజు డూప్లికేట్ బ్రిడ్జిలో, అంటే అవే ముక్కలను చాలా బల్లల దగ్గర ఆడించి పోల్చే పోటీ ఆటలో, అదే తప్పుకు సాధారణంగా ఒకటో రెండో పట్లు పోతాయి. ఎదుటి జట్టుకు అంతకన్నా ఎక్కువ నష్టం జరిగితే డైరెక్టరు లెక్క సరిచేస్తాడు. శిక్ష నుంచి నష్టం పూడ్చడం వైపు నియమాలు జరిగాయి. పక్కనే తీర్పు చెప్పే మనిషి ఉంటే రూల్ మెత్తగా ఉండొచ్చు. పోర్ట్‌లాండ్ కాలంలో బల్ల దగ్గర నలుగురే ఉండేవారు, కాబట్టి రూల్ కఠినంగా, వాదనకు చోటివ్వకుండా ఉండాల్సి వచ్చింది.

ఊరూరా క్లబ్బులకు ఇలాంటి రూల్ ఒకటి కావాలి. అది ఎవరు రాసినా ఫర్వాలేదు, అందరూ ఒకటే వాడటం ముఖ్యం. రోడ్డుకు ఎడమవైపు నడవాలన్న నియమం లాంటిదే ఇదీ. మంచి ఆటగాళ్లున్న చోట రాశారు కాబట్టి పోర్ట్‌లాండ్ మాట ముందు చెల్లింది. ఒకసారి చెల్లాక, వేరే రూలుతో ఆడేవాడికి పక్క క్లబ్బులో నాలుగో కుర్చీ దొరకదు.

తిరగేయని ఆఖరి ముక్క

1894లో ఒక సాయంత్రం లార్డ్ బ్రూమ్ పోర్ట్‌లాండ్‌లో విస్ట్ పంచుతూ ఆఖరి ముక్కను తిరగేయడం మరిచిపోయాడట. 'క్షమించండి, బ్రిడ్జి ఆడుతున్నాననుకున్నాను' అన్నాడట. అదేం ఆట అని మిగతావాళ్లు అడగడం, ఆయన నేర్పడం, కొద్ది రోజుల్లో క్లబ్బంతా దానికి మళ్లడం జరిగాయని చెబుతారు. కథకు కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు. ఫలితం మాత్రం కాగితం మీద ఉంది: 1895లోనే పోర్ట్‌లాండ్ బ్రిడ్జి నియమాలు వచ్చాయి.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా లోతైనది. విస్ట్‌లో తురుపును ఆఖరి ముక్క తేలుస్తుంది. బ్రిడ్జిలో పంచేవాడు తన ముక్కలు చూసి తేలుస్తాడు, తోచకపోతే ఆ పని జోడీకి వదిలేస్తాడు. అదృష్టం చేతిలోంచి ఒక నిర్ణయం మనిషి చేతిలోకి వచ్చింది. గ్రాహమ్స్‌ను కుదిపేసిన ఆ ఆఖరి ముక్క మోసానికి ఇక్కడ చోటే లేదు. డమ్మీ చెయ్యి బల్ల మీద పరిచి ఉంటుంది కాబట్టి ఆడేవాడికి సగం లెక్క కళ్లముందే ఉంటుంది.

విస్ట్‌కు పుట్టినిల్లు లాంటి క్లబ్బు విస్ట్‌నే వదిలేయడం ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా సాహసమైన పని. విస్ట్ మీద పుస్తకాలు రాసినవాళ్లు, జీవితమంతా దాన్నే సాధన చేసినవాళ్లు ఆ బల్లల దగ్గర ఉండేవారు. సంప్రదాయాన్ని కాపాడతామని క్లబ్బు పట్టుబట్టి ఉంటే, కొన్నేళ్లకు ముసలివాళ్ల గదిగా మిగిలేది.

ఆ తర్వాత మార్పులు త్వరగా వచ్చాయి. నలుగురూ పాడుకునే ఆక్షన్ బ్రిడ్జి వచ్చింది, 1908లో బాత్ క్లబ్బుతో కలిసి పోర్ట్‌లాండ్ దానికి నియమాలు ఇచ్చింది. 1925లో అమెరికా సంపన్నుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 'ఫిన్లాండ్' అనే ఓడలో పనామా కాలువ మీదుగా ప్రయాణిస్తూ కొత్త లెక్కను ముగ్గురు మిత్రులతో ఆడి చూశాడు. అదే కాంట్రాక్ట్ బ్రిడ్జి, ఈ రోజు ప్రపంచమంతా ఆడేది. ఒక ఆట గెలిచిన జట్టు తర్వాత పాడుకున్నన్ని పట్లు తీయలేకపోతే ఎక్కువ శిక్ష పడాలి కదా, ఆ స్థితిని ఏమనాలి అని వాళ్లు ఆలోచిస్తుంటే, 'వల్నరబుల్' అన్న మాట అందించింది ఓడలోని ఒక యువతి. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టుకోలేదు.

కొత్త లెక్కలో కీలకం ఇది. మొదటి ఆరు పట్లకు పాయింట్లు లేవు, ఆ పైన తీసినవే లెక్క. ఆక్షన్‌లో ఆఠీను పట్టుకు 8 పాయింట్లు, ఆట గెలవడానికి 30. రెండు ఆఠీన్లు అని, అంటే ఎనిమిది పట్లకు, పాడుకుని పది పట్లు తీసినా 32 వచ్చి ఆట గెలిచినట్టే. అందువల్ల వీలైనంత తక్కువకు పాడుకోవడమే తెలివి. కాంట్రాక్ట్‌లో ఆఠీను పట్టుకు 30, ఆటకు 100. రెండు పాడుకుని పది పట్లు తీస్తే ఆట కింద 60 మాత్రమే పడతాయి, మిగిలినవి పక్క లెక్కలోకి పోతాయి. ఆట కావాలంటే నాలుగు ఆఠీన్లు అని ముందే పాడాలి. అంటే జోడీ చేతిలో ఏముందో చూడకుండా కనుక్కోవాలి. టెన్షన్ అంతా ముక్కలు వేసే దశ నుంచి పాట దశకు మారిపోయింది.

1929లో పోర్ట్‌లాండ్ కాంట్రాక్ట్ నియమాలు ప్రకటించింది. 1932లో పోర్ట్‌లాండ్, న్యూయార్క్ విస్ట్ క్లబ్బు, ఫ్రాన్స్ బ్రిడ్జి కమిషన్ కలిసి తొలి అంతర్జాతీయ నియమావళి ఇచ్చాయి. ఒక నగరంలోని క్లబ్బు మాట ఖండాలు దాటింది అక్కడే. మరో వైపు, ముగ్గురు కలిసి రాశారంటేనే ఏకఛత్రాధిపత్యం పోయినట్టు.

సంకేతాలకు చోటు లేదు

జోడీ చేతిని చూడకుండా కనుక్కోవాలంటే మాటలు కావాలి. పాటలో వాడదగిన మాటలు చాలా తక్కువ: ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, తురుపు లేదనే నో ట్రంప్, పాస్, డబుల్, రీడబుల్. ఆటగాళ్లు వీటికే కొత్త అర్థాలు పెట్టుకున్నారు. 1933లో ఈస్లీ బ్లాక్‌వుడ్ ప్రతిపాదించిన పద్ధతిలో 'నాలుగు నో ట్రంప్' అంటే పది పట్లు తీస్తానని కాదు, 'నీ దగ్గర ఆసులు ఎన్ని?' అని ప్రశ్న. 'ఐదు డైమండ్లు' అంటే డైమండ్ల మీద ఆశ కాదు, 'ఒకటుంది' అని జవాబు. వీటినే కన్వెన్షన్లు అంటారు.

పోర్ట్‌లాండ్ బల్లల మీద వీటికి చోటు లేదు. పాట పలికిన దానికి పలికిన అర్థమే ఉండాలన్నది అక్కడి కట్టుబాటు. ఇది చాదస్తమని బయటివాళ్లకు అనిపించడం సహజం. 1930లో ఇదే వాదన బహిరంగంగా పరీక్షకు నిలిచింది. నేరుగా పాడటమే బ్రిటిష్ పద్ధతి అన్న కర్నల్ వాల్టర్ బుల్లర్ జట్టు, అమెరికా నుంచి పద్ధతిగా కట్టిన పాట విధానంతో వచ్చిన ఈలీ కల్బర్ట్‌సన్ జట్టుతో లండన్‌లోని ఆల్మాక్స్ క్లబ్బులో 200 పంపకాలు ఆడింది. కల్బర్ట్‌సన్ జట్టు 4,845 పాయింట్లతో గెలిచింది. ఫలితం పోటీల్లో ఏది నెగ్గుతుందో చూపించింది. కొద్ది ఏళ్లకే హాంప్‌స్టెడ్ ప్రాంతంలోని ఏకాల్ రోడ్డులో ఒక చిన్న క్లబ్బులో చేరిన కుర్రాళ్లు తమ సొంత విధానం అల్లుకున్నారు. ఆ రోడ్డు పేరే దానికి వచ్చింది. తరాల తరబడి బ్రిటన్‌లో బ్రిడ్జి నేర్చుకున్నవాళ్లకు ఏకాలే అక్షరమాల. అల్లినవాళ్లలో ఒకరైన ఇయాన్ మెక్లౌడ్ 1970లో బ్రిటన్ ఆర్థిక మంత్రి అయ్యాడు.

మరి ఓడిపోయిన పద్ధతిని పోర్ట్‌లాండ్ ఎందుకు పట్టుకుంది? జవాబు కూర్చునే పద్ధతిలో ఉంది. అక్కడ ఆడేది రబ్బర్ బ్రిడ్జి. వచ్చినవాళ్లు కట్టలోంచి ఒక్కో ముక్క తీస్తారు. పెద్ద ముక్కలు వచ్చిన ఇద్దరు ఒక జట్టు, మిగతా ఇద్దరు ఇంకో జట్టు. రెండు ఆటలు ముందు గెలిచిన జట్టుది రబ్బర్. అది అయ్యాక మళ్లీ ముక్కలు తీసి జోడీలు మారతాయి. ఒక సాయంత్రంలో ఒకే మనిషి ముగ్గురితో జోడీ కట్టొచ్చు. ఇరవై పేజీల సంకేతాల ఒప్పందం పదినిమిషాల క్రితం కలిసిన జోడీతో కుదరదు. అందరికీ ఒకటే సులువైన భాష ఉంటేనే ఎవరైనా ఎవరితోనైనా కూర్చోగలరు. నిషేధం పైకి ఆట శైలి గురించే అనిపిస్తుంది. లోపల అది చేసే పని, ఏ సభ్యుడికీ కుర్చీ లేకుండా పోకుండా చూడటం.

డూప్లికేట్ రాకతో అధికారం చేజారిన తీరు

రబ్బర్‌లో ఒక లోటు ఉంది. మంచి ముక్కలు పడ్డవాడు గెలుస్తాడు, నైపుణ్యం చాలా కాలానికి గానీ బయటపడదు. 1857లో 'కావెండిష్' పేరుతో రాసే హెన్రీ జోన్స్ లండన్‌లో ఒక ప్రయోగం చేయించాడు. అవే ముక్కలను రెండు బల్లల దగ్గర ఆడించి, ముక్కల ప్రభావం తీసేస్తే మంచి ఆటగాళ్లకు ఎంత లాభమో చూశాడు. ఆలోచన లండన్‌లో పుట్టినా దాన్ని నిత్యం ఆడుకునే ఆటగా మలిచింది అమెరికా. 1891లో మిల్వాకీలో అమెరికన్ విస్ట్ లీగ్ ఏర్పడింది. ముక్కలు కలిసిపోకుండా దాచే ట్రేలు ఆ రోజుల్లోనే వచ్చాయి. షికాగోకు చెందిన జాన్ మిచెల్ బల్లలు తిరిగే పద్ధతిని పుస్తకంగా రాశాడు.

ఏడు బల్లలున్నాయనుకుందాం. ఉత్తర-దక్షిణ జోడీలు కదలవు. తూర్పు-పడమర జోడీలు ప్రతి రౌండు తర్వాత ఒక బల్ల ముందుకు వెళతాయి. ముక్కల ట్రేలు ఒక బల్ల వెనక్కి వెళతాయి. ఏడు రౌండ్లయ్యేసరికి ప్రతి ట్రే ప్రతి బల్లనూ చుట్టేస్తుంది. ఒక పంపకం ఏడుసార్లు ఆడారు కాబట్టి, ఒక జోడీ లెక్కను అవే ముక్కలు పట్టిన మిగతా ఆరు జోడీలతో పోలుస్తారు. బ్రిటన్ పద్ధతిలో ఒక్కో జోడీని మించితే 2, సమానమైతే 1. అన్నిటినీ మించితే 12. చెత్త ముక్కలు పడ్డా, అవే చెత్త ముక్కలతో మిగతావాళ్లకన్నా తక్కువ నష్టపోతే పూర్తి మార్కులు.

ఇది ఆటనే కాదు, క్లబ్బు స్వరూపాన్నీ మార్చింది. రబ్బర్‌కు ఒక్క బల్ల చాలు, నలుగురు చాలు. డూప్లికేట్‌కు ఒకేసారి చాలా బల్లలు, పెద్ద హాలు, డైరెక్టరు, లెక్క కట్టే మనిషి కావాలి. జోడీలు స్థిరంగా ఉంటాయి కాబట్టి సంకేతాలు పెరుగుతాయి. ఊళ్ల మధ్య పోటీలు పెట్టాలంటే సమాఖ్య కావాలి. 1936లో ఇంగ్లిష్ బ్రిడ్జి యూనియన్ వచ్చింది, 1937లో రెండు సంస్థలు కలిసి అమెరికన్ కాంట్రాక్ట్ బ్రిడ్జి లీగ్ అయ్యాయి, 1958లో ఓస్లోలో ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య ఏర్పడింది. డూప్లికేట్ నియమాలు ఇప్పుడు ఆ ప్రపంచ సమాఖ్య పేరు మీదే వస్తాయి. చివరి పెద్ద సవరణ 2017లో జరిగింది.

పోర్ట్‌లాండ్ ఆ దారిలో వెళ్లలేదు. రబ్బర్‌తోనే ఉండిపోయింది. నియమాలు రాయడమంటే ఎక్కువమంది ఆడే చోట వచ్చే తగాదాలను తీర్చడం. ఆ తగాదాలు డూప్లికేట్ హాళ్లలోకి వెళ్లిపోయాయి, వాటి వెంట అధికారమూ వెళ్లింది.

తలుపు ఎవరికి తెరిచి ఉంది?

ఎవరితో కూర్చోవాలో ఎంచుకునే హక్కుకు మరో ముఖం ఉంది. 19వ శతాబ్దపు లండన్ క్లబ్బు అంటే మగవాళ్ల క్లబ్బే, పోర్ట్‌లాండ్ కూడా. 1930ల్లో యజమానులు నడిపిన వ్యాపార క్లబ్బుల్లో మాత్రం స్త్రీలూ పురుషులూ కలిసి ఆడేవారు. బల్ల రుసుము కట్టే ప్రతి మనిషీ ఆ యజమానికి కావాల్సినవారే. 1938లో వియన్నా నుంచి ప్రాణాలు దక్కించుకుని లండన్ చేరిన రిక్సీ మార్కస్ అలాంటి బల్లల మీదే పేరు తెచ్చుకుంది. 1974లో ప్రపంచ గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన తొలి మహిళ ఆమె.

అమెరికాలో జాతి వివక్ష ఇంకా గట్టిగా ఉండేది. తమను రానివ్వని పోటీలకు బదులుగా నల్లజాతి ఆటగాళ్లు 1932లో అమెరికన్ బ్రిడ్జి అసోసియేషన్ పెట్టుకున్నారు. పెద్ద లీగ్ తన సభ్యత్వాన్ని దేశమంతటా అందరికీ తెరిచింది 1967లో. నమ్మకం పేరుతో గీసిన గీత ఎంతమంది మంచి ఆటగాళ్లను బయట నిలబెట్టిందో ఈ 35 ఏళ్లు చూస్తే తెలుస్తుంది. అది ఆటకు జరిగిన నష్టం కూడా.

ఇప్పటి ఒత్తిళ్లు

పాత నగర క్లబ్బులన్నిటికీ ఈ రోజు ముందున్న సమస్యలు ఇంచుమించు ఒకటే. మొదటిది చోటు. పేక బల్ల నగరం నడిబొడ్డున గంటల తరబడి చదరపు అడుగులు తింటుంది, రాబడి కొద్దే. న్యూయార్క్‌లో 1925లో మొదలై దేశంలోనే గొప్ప ఆటగాళ్లను చూసిన కావెండిష్ క్లబ్బు 1991లో మూతపడింది. పోర్ట్‌లాండ్ సొంత కప్పు మీద పట్టుబట్టకుండా, ఇతర క్లబ్బుల భవనాల్లో బల్లలు వేసుకుని సాగింది. 1825లో భవనం కన్నా మనుషులే క్లబ్బు అనుకున్నవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

రెండోది పన్ను. బ్రిడ్జి క్రీడేనా అన్న ప్రశ్న ఇక్కడ డబ్బు ప్రశ్న అవుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లో ప్రపంచ బ్రిడ్జి సమాఖ్యను గుర్తించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జికి పతకాలు ఇచ్చారు, పురుషుల జోడీల బంగారు పతకం భారత్‌కు చెందిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్‌లది. అయినా 2017లో యూరోపియన్ న్యాయస్థానం, శారీరక శ్రమ నామమాత్రమే కాబట్టి వ్యాట్ మినహాయింపు విషయంలో బ్రిడ్జి క్రీడ కిందికి రాదని ఇంగ్లిష్ బ్రిడ్జి యూనియన్ కేసులో తేల్చింది. ఆ తీర్పు భారం పోటీల ప్రవేశ రుసుముల మీద పడేదే. డూప్లికేట్ క్లబ్బులకు, యూనియన్‌కు అది నేరుగా తగిలే విషయం. పోటీలు నడపని రబ్బర్ క్లబ్బుకు అంతగా తగలదు.

మూడోది, అన్నిటికన్నా లోతైనది, ఆన్‌లైన్. 2001లో వచ్చిన బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ లాంటి వేదికల్లో అర్ధరాత్రి కూడా నలుగురు క్షణాల్లో కుదురుతారు. 2020లో కోవిడ్ వల్ల హాళ్లు మూతపడినప్పుడు చాలా క్లబ్బులు తమ వారపు ఆటలను తెరల మీదకు మార్చుకున్నాయి. రంగు ఎగ్గొట్టడం అక్కడ జరగనే జరగదు, కంప్యూటర్ ఒప్పుకోదు. 1864లో అంత ఆలోచించి రాసిన రూలుకు పనే లేదు. మనుషులు, రూలు అన్న రెండు అవసరాలను యంత్రం తీర్చేసింది. మూడోదైన నమ్మకాన్ని మాత్రం ఇంకా కష్టం చేసింది. తెర వెనక జోడీలు ఫోన్‌లో మాట్లాడుకుంటే బల్ల దగ్గరి కళ్లు పట్టలేవు. 2020 తర్వాత ఆన్‌లైన్ మోసాలు సమాఖ్యలకు తలనొప్పి అయ్యాయి. ముఖాలు కనిపించేలా వీడియోతో నడిచే వేదికలు అందుకే ఆదరణ పొందాయి.

వీటి ప్రభావం అన్ని క్లబ్బుల మీదా ఒకేలా పడదు. వారానికి ఒకసారి డూప్లికేట్ పెట్టి రుసుము తీసుకోవడమే పనిగా ఉన్న క్లబ్బుకు ఆన్‌లైన్ నేరుగా పోటీ. అలాంటి చోట కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే తరగతి లేకపోతే, ఉన్న సభ్యుల వయసుతోపాటే బల్లలూ తగ్గుతాయి. తెర మీద ఆడేవాళ్లలో ఎక్కువమంది ముందే ఎక్కడో ఎవరి దగ్గరో నేర్చుకున్నవాళ్లు. 13 ముక్కలు చేతిలో ఎలా సర్దుకోవాలో తెలియని మనిషి పక్కన కూర్చుని, తప్పు ముక్క వేసినప్పుడు వెనక్కి తీసుకోనిచ్చే ఓపిక ఇప్పటికీ క్లబ్బు గదిలోనే ఎక్కువగా దొరుకుతుంది.

పోర్ట్‌లాండ్ లాంటి రబ్బర్ క్లబ్బు పరిస్థితి వేరు. దానికి హాలు అక్కర్లేదు, సమాఖ్య అక్కర్లేదు, ఒక బల్ల నిండితే సాయంత్రం నడుస్తుంది. దాని బలహీనత కూడా అదే: నలభై బల్లల క్లబ్బులో పదిమంది తగ్గితే తెలియదు, ఒక బల్ల క్లబ్బులో ఒక్కరు తగ్గితే ఆట ఆగిపోతుంది. కొత్త సభ్యుడు చేరాలంటే ముందే ఆట వచ్చి ఉండాలి. అతను వేరేచోట నేర్చుకున్న కన్వెన్షన్లన్నీ గుమ్మం బయట వదిలి రావాలి. లోపల కట్టలోంచి ఒక ముక్క తీస్తాడు. దాన్ని బట్టి ఆ పూట జోడీ ఎవరో తేలుతుంది.